పేరు మార్చుకుంటూ వచ్చిన కషాయం

బొబ్బిలి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టీ బడ్డీలో పొద్దున్నే వినిపించేది అల్లం దంచే చప్పుడు. కచ్చాపచ్చాగా నలిగిన ముక్క మరుగుతున్న డికాషన్‌లో పడుతుంది. గొంతు పట్టేసిందంటే చాలు, టీ కాచేవాడే రెండు మిరియాలు నలగ్గొట్టి వేస్తాడు. టీ అనుకుని తాగుతాం గానీ, ఆ గ్లాసులో ఉన్నది సగం కషాయమే.

ఇప్పుడు 'హెర్బల్ టీ' అని రంగురంగుల పెట్టెల్లో అమ్ముతున్నది మనకు కొత్తేమీ కాదు. మందుమొక్క నుంచి సారం తీయడానికి చరకుడు ఐదు పద్ధతులు చెప్పాడు: స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం. పొడి మీద వేడినీళ్ళు పోసి, కాసేపుంచి వడకట్టేది ఫాంటం. టీబ్యాగుతో మనం చేసేదీ అదే. శృతమంటే కాచిన కషాయం. దానికి ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడి లెక్క ఒక వంతు సరుక్కి పదహారు వంతుల నీళ్ళు, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాగాలి. ఇళ్ళలో అంత ఓపిక ఎవరికుంది? నాలుగు గ్లాసులు పోసి ఒక గ్లాసుకి దించేస్తారు. తులసాకుకి ఫాంటం చాలు. శొంఠి, మోడి, బెరడు లాంటి గట్టి సరుకు మరిగితేనే సారం వదులుతుంది.

ఆ సరుక్కి ఈ ప్రాంతంలో కరువు లేదు. పసుపు, అల్లం సాలూరు వైపు కొండల్లోనే పండుతాయి. పాడేరు ఏజెన్సీలో పిప్పలిని కాయకంటే వేరు కోసమే ఎక్కువగా పెంచుతారు. ఎండబెట్టిన ఆ వేరే మోడి. గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నంలో మొదలైంది.

ఈ కషాయాల తర్వాత కాఫీ వచ్చింది, దాని వెనకే టీ. తేయాకు మీద సుంకం వేసి, ఆ డబ్బుతో ప్రచారం చేయడానికి 1903లో చట్టమే తెచ్చారు. అప్పటికి మన జనానికి టీ అలవాటు అంతంతమాత్రం. తమాషా ఏమిటంటే, కొత్త పానీయం వచ్చినా పాతది పోలేదు, పేరు మార్చుకుంది. కాఫీ గింజ ఒక్కటీ లేని శొంఠి కాఫీ, ధనియాల కాఫీ అలా పుట్టినవే. ఇప్పుడు టీ వంతు. అమెరికాలోనూ ఇలాగే జరిగింది. 1773 నాటి టీ గొడవల కాలంలో ఇంగ్లీషు తేయాకును వెలివేసిన జనం పెరటి ఆకులు కాచుకుని 'లిబర్టీ టీ' అన్నారు.

ఇళ్ళలో కషాయం ఇలా నిలిచింది, ఇక దాని వెనకున్న దేశీయ వైద్యం సంగతి తేల్చమని మద్రాసు ప్రభుత్వం 1921లో ఉస్మాన్ కమిటీని వేసింది. 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల తెరిచింది. అది పానగల్లు రాజా నడిపిన జస్టిస్ పార్టీ ప్రభుత్వం.

గుణం మాటకొస్తే, అన్నీ ఒకే గాటన కట్టకూడదు. వేవిళ్ళ వికారానికి అల్లం పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. దగ్గుకి వాడే అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. అంటే మన దగ్గు సిరప్పుల్లో చాలావాటికి మూలం కంచె పక్కన మొలిచే మొక్క. మరోవైపు అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. కరోనా వచ్చిన 2020లో ఆయుష్ శాఖ తులసి నాలుగు పాళ్ళు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు కలిపి కషాయం తాగమంది. జనం అక్కడితో ఆగలేదు, తిప్పతీగ కూడా వేసుకుని పూటపూటా తాగారు. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబయి వైద్యులు ప్రకటిస్తే, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. గొడవ ఎలా ఉన్నా, మందు అన్నాక దానికో మోతాదుంటుంది. కషాయానికీ అంతే. రక్తపోటు మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరుకి చెప్పకుండా రోజూ తాగొద్దు.

2025 డిసెంబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఒక మాట తేల్చేసింది: తేయాకు మొక్క నుంచి రానిదాన్ని 'టీ' అని అమ్మకూడదు. మనకొచ్చిన ఇబ్బందేమీ లేదు. పెట్టె మీద కషాయం అని రాస్తే సరి.