నల్లమందు చట్టం నుంచి ఎన్‌డీపీఎస్ వరకు: మదనపల్లె ప్రాంతంలో నిందితుని తరఫు వాదన పరిణామం

1878 నాటి నల్లమందు చట్టంలోని పదవ సెక్షన్ ఒక చిన్న వాక్యం. తన దగ్గర దొరికిన నల్లమందు ఎక్కడి నుంచి వచ్చిందో నిందితుడు సంతృప్తికరంగా చెప్పలేకపోతే, రుజువయ్యేంతవరకు దానిని నేరానికి సంబంధించిన సరుకుగానే భావించాలని ఆ సెక్షన్ చెబుతుంది. నేరాన్ని అభియోక్త నిరూపించాలన్న సాధారణ సూత్రాన్ని అది తలకిందులు చేసింది. అయితే ఆనాటి శిక్ష గరిష్ఠంగా ఏడాది జైలు, వెయ్యి రూపాయల జరిమానా మాత్రమే. సర్కారు ఆదాయాన్ని కాపాడే చట్టమది. దొంగ సరుకు వల్ల ఖజానాకు పడే గండిని పూడ్చడమే దాని ఉద్దేశం. ఆ తరువాతి శతాబ్దంలో శిక్ష పెరుగుతూ పోయింది, భావన మాత్రం అలాగే నిలిచిపోయింది. ఇరవై ఏళ్ల కఠిన కారాగారం పడే కేసుల్లోనూ నేడు అదే భావన పనిచేస్తున్నది. నిందితుని తరఫు వాదన చరిత్రను ఇక్కడి నుంచే చదవవలసి ఉంటుంది.

నేటి తంబళ్లపల్లె అప్పట్లో కడప జిల్లా మదనపల్లె తాలూకాలో ఉండేది. పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జమీందారీలకు చెందినవి. కుప్పం కంగుంది జమీందారీలోనిది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే ఇవన్నీ ఒకే జిల్లా పాలన కిందికి వచ్చాయి. పడమటి పొలిమేర దాటితే మైసూరు సంస్థానం, అక్కడ వేరే ఆబ్కారీ ఏర్పాటు. ఒకే సంతకు వచ్చే రెండు ఊళ్లవారికి రెండు చట్టాలు వర్తించిన నేల ఇది.

గంజాయి విషయంలో మద్రాసు ప్రభుత్వ వైఖరి నిషేధం కాదు. 1893లో నియమితమైన భారత గంజాయి విచారణ సంఘం డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన వెయ్యికి పైగా సాక్షులను విచారించి, మితమైన వాడకం వల్ల చెప్పుకోదగ్గ హాని లేదనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ 1894లో నివేదిక ఇచ్చింది. ఆ పిమ్మట మద్రాసు రాజధానిలో లైసెన్సు సాగు, గిడ్డంగి పద్ధతి స్థిరపడ్డాయి. కృష్ణా జిల్లా దగ్గుపాడు, ఉత్తర ఆర్కాటులోని సంతవాసల్ ఆ వ్యవస్థకు కేంద్రాలు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లైసెన్సు ఉన్న కాలంలో నిందితుని వాదన సులభం: చీటీ చూపితే చాలు. చీటీ వ్యవస్థే పోయిన తరువాత పాత చట్టపు భావన మిగిలింది, దానికి జవాబు చెప్పే సాధనం మిగలలేదు.

1930 ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టం కింద గరిష్ఠ శిక్ష, 1985 బిల్లు ఉద్దేశాల ప్రకటన పేర్కొన్నట్లు, మూడేళ్లు. మళ్లీ పట్టుబడితే నాలుగేళ్లు. కనీస శిక్ష లేదు. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఒత్తిడి, దేశం మీదుగా సాగే రవాణా కారణాలుగా చూపి 1985 నవంబర్ 14 నుంచి మత్తుపదార్థాల నియంత్రణ చట్టం, అంటే ఎన్‌డీపీఎస్, అమలులోకి వచ్చింది. పదేళ్ల కనీస శిక్ష, 1989 సవరణతో బెయిలుపై 37వ సెక్షన్ ఆంక్ష, ప్రత్యేక కోర్టులు దాని ఫలితాలు. చిన్న పరిమాణం, వాణిజ్య పరిమాణం అన్న విభజన 2001లో గానీ రాలేదు. దాని ప్రకారం గంజాయికి ఇరవై కిలోలు, నల్లమందుకు రెండున్నర కిలోలు వాణిజ్య పరిమాణం. పదహారేళ్ల పాటు కొద్దిపాటి గంజాయితో దొరికిన కూలీనీ, లారీ నింపిన వ్యాపారినీ దాదాపు ఒకే త్రాసులో తూచిన చట్టం ఇది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రశ్న గసగసాలది. 2021 మార్చిలో మదనపల్లె పరిసరాల్లో గసగసాల అక్రమ సాగు బయటపడింది. టమాటా మార్కెట్టుకు పేరుపొందిన నేలలో ఇలాంటి పైరు కనిపించడం వార్తాపత్రికలకు వింత. న్యాయశాస్త్ర విద్యార్థికి అంతకన్నా ఆసక్తి కలిగించేది చట్టం ఆ మొక్కను ఎన్ని ముక్కలుగా చూస్తుందన్నది. గింజ నేరం కాదు. వంటింటి మసాలాలో వాడే గసగసాలు నిర్వచనం నుంచే మినహాయింపు. గింజ తీసిన ఎండుకాయ పోస్తుగడ్డి, పదిహేనవ సెక్షన్. దానికి వాణిజ్య పరిమాణం యాభై కిలోలు. కాయకు గాటు పెట్టి తీసిన పాలు నల్లమందు. పొలంలో నిలిచి ఉన్న పచ్చి మొక్క సాగు నేరం, దానికి పరిమాణ విభజన లేదు. పద్దెనిమిదవ సెక్షన్‌లోని చివరి భాగం కింద పదేళ్ల వరకు శిక్ష ఉంటుంది, కనీస శిక్ష లేదు. కాబట్టి సాగు కేసులో 37వ సెక్షన్ ఆంక్ష వర్తించదని పలు హైకోర్టులు అంగీకరించాయి. అభియోగపత్రంలో ఏ సెక్షన్ రాశారన్నదే నిందితుడు జైలులో ఉంటాడా, ఇంట్లో ఉంటాడా అన్నది తేలుస్తుంది. మొక్కలను పీకి, ఎండబెట్టి, తూకం వేసి పోస్తుగడ్డిగా చూపితే ఆంక్ష తిరిగి వస్తుంది. నిందితుని తరఫు న్యాయవాది మొదట చదవవలసింది తూకం కాగితమే.

రెండవ ప్రశ్న పొలం ఎవరిదన్నది. ఆలఖ్ రామ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, నిందితుని స్థలంలో కొన్ని మొక్కలు కనిపించడం చాలదనీ, అతడే నాటాడని లేదా పోషించాడని నిరూపించాలనీ, గింజలు దానంతటవే మొలిచే అవకాశాన్నీ గమనించాలనీ అంది. గట్టు పక్కన పది మొక్కలకు ఈ వాదన సరిపోతుంది. బోరు నీటితో సాళ్లుగా పెంచిన పైరుకు సరిపోదు. అక్కడ అడంగల్ ముఖ్యమవుతుంది. పడమటి మండలాల్లో నోటిమాట కౌలు విస్తారం. అడంగల్‌లో భూస్వామి పేరు, పొలంలో కౌలుదారు, కూలికి వచ్చినవాడు ఇంకొకడు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల లిఖిత ఒప్పందాన్ని కోరినా, చీటీ రాయించుకోని కౌలుదారు రికార్డుకు కనిపించడు. దీంతో రెండు విపరీతాలు సాధ్యం: ఎరుగని భూస్వామి ముద్దాయి కావడం, ఎరిగిన భూస్వామి కూలీని ముందుకు నెట్టి తప్పుకోవడం. తన భూమిలో అక్రమ సాగు తెలిసీ చెప్పని భూస్వామిని 46వ సెక్షన్ శిక్షిస్తుంది; సర్పంచుకూ గ్రామాధికారులకూ 47వ సెక్షన్ అదే బాధ్యత పెట్టింది. కోర్టుల్లో ఈ రెండు సెక్షన్ల ప్రస్తావన మరీ అరుదు.

రవాణా కేసుల తీరు వేరు. విశాఖ మన్యం నుంచి తమిళనాడు, కర్ణాటకల వైపు పోయే గంజాయికి మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పం ప్రాంతం సహజమైన దారి. ఇక్కడ వాదన అంతా సోదా విధానం మీద నడుస్తుంది. రహస్య సమాచారాన్ని రాసి పై అధికారికి పంపారా అన్నది 42వ సెక్షన్. 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం పూర్తి ఉల్లంఘనను అంగీకరించలేదు, వివరణ ఉన్న ఆలస్యాన్ని మన్నించింది. ఒంటి సోదాకు ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా జరిపించుకునే హక్కును చెప్పారా అన్నది 50వ సెక్షన్. 1999 బల్దేవ్ సింగ్, 2010 విజయ్‌సింహ్ జడేజా తీర్పులు దానిని కఠినం చేశాయి. కానీ చేతి సంచికి అది వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసు తేల్చింది. గంజాయి సాధారణంగా సంచుల్లోనే దొరుకుతుంది గనుక ఆ హక్కు ఆచరణలో చాలా మందికి అందదు. గంజాయి నిర్వచనం మరొక ద్వారం. పూలు, కాయలతో కూడిన కొనలే గంజాయి. కొనలు లేని ఆకులు, గింజలు కావు. అన్నీ కలిపి తూచి ఇరవై కిలోలు దాటించారన్న వాదన ఈ మాటల నుంచే పుట్టింది.

తూఫాన్ సింగ్ కేసులో 2020 అక్టోబర్ 29న సుప్రీంకోర్టు, 67వ సెక్షన్ కింద అధికారులు రాసుకున్న ఒప్పుకోలు సాక్ష్యం కాదంది. అంతకు రెండు నెలల ముందే ముకేశ్ సింగ్ కేసులో ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు చేసినంత మాత్రాన కేసు కొట్టివేయనక్కర లేదని చెప్పి 2018 నాటి మోహన్‌లాల్ తీర్పును తొలగించింది. ఒక చేత ఇచ్చినది ఇంకో చేత తీసుకున్నట్లయింది. 1878 భావనకు వారసురాలైన 54వ సెక్షన్ విషయంలో 2008 నూర్ ఆగా తీర్పు ముఖ్యమైనది: స్వాధీనం వంటి మూల వాస్తవాలను అభియోక్త ముందుగా నిరూపిస్తేనే ఆ భావన పుడుతుంది.

నిరూపణ భారమంతా మన ప్రాంతంలో మధ్యవర్తుల నివేదిక మీద నిలుస్తుంది. పంచనామా అని వాడుకలో పిలిచే ఈ కాగితంపై సంతకం పెట్టేది తరచు గ్రామ రెవెన్యూ అధికారే. అతడు ఎదురు తిరగడు గనుక అభియోక్తకు క్షేమం. స్వతంత్ర సాక్షి కాదన్నది నిందితుని తరఫు అభ్యంతరం. స్థానిక మేజిస్ట్రేటు రిమాండు వరకే. మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న కేసు విచారణ ప్రత్యేక కోర్టుది. వాణిజ్య పరిమాణం కేసుల్లో అభియోగపత్రానికి నూట ఎనభై రోజుల గడువు ఉంది. న్యాయ సేవాధికార సంస్థ నియమించే న్యాయవాది చేతికి ఫైలు చేరేసరికి నమూనాలు ఎప్పుడో ప్రయోగశాలకు వెళ్లి ఉంటాయి. నమూనాలను మేజిస్ట్రేటు ఎదుట తీయాలన్న 52ఏ సెక్షన్‌ను 2016 మోహన్‌లాల్ తీర్పు తప్పనిసరి చేసినా, 2025 జనవరిలో భరత్ అంబాలే కేసులో ఆ లోపం ఒక్కటే కేసును కూల్చదని తేలింది. 2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదా, స్వాధీనాల దృశ్య చిత్రీకరణను తప్పనిసరి చేసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపమంటున్నది. గసగసాల పొలంలో మొక్కలు పీకుతున్నప్పుడు, కుప్పం దారిలో సంచి విప్పుతున్నప్పుడు తీసిన ఆ చిత్రం, మధ్యవర్తుల నివేదికలోని సమయాలతో సరిపోతుందా అన్నదానిపైనే ఇకమీదట ఎదురు పరీక్ష సాగనున్నది.