మారిషస్ వెళ్తున్నారా? ఆ 16 మెట్లు కూడా చూడండి

మాంచెస్టర్ చలికి విసిగిపోయి, దుబాయ్‌లో విమానం మారైనా సరే మారిషస్ వెళ్దామనుకునే మనవాళ్ళకి ఓ మాట. బీచిలు, రిసార్టుల సంగతి ప్యాకేజీ వాళ్ళే చెప్తారు. నేనైతే మొదటిరోజు పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌కే వెళ్ళమంటాను.

1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసి, యజమానులకి 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకా? పైసా లేదు. మరి చెరకు ఎవరు నరకాలి? 1834 నుంచి మనదేశపు కూలీలని ఒప్పందం మీద దింపడం మొదలెట్టారు. 1920 దాకా వెళ్ళినవాళ్ళు దాదాపు 5 లక్షలు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళకి అక్కడ 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది.

ఆన్‌సైట్ ఉద్యోగాన్ని మనం కూలిపని అంటూ జోకులేసుకుంటాం గానీ, అక్కడ ఒకరోజు పని మానితే రెండ్రోజుల కూలీ కోసేవారు. 'డబుల్ కట్' అనేవారు దాన్ని.

ఓడ దిగినవాళ్ళు ఎక్కిన 16 మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో ఆ ఘాట్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అన్నట్టు, వీలైతే ఉగాదికి వెళ్ళండి. అక్కడ ఆరోజు ప్రభుత్వ సెలవు. మాంచెస్టర్లో అయితే మనమే లీవు పెట్టుకోవాలి.