జెస్సీ జేమ్స్ పాటలో వినపడని పేర్లు

అమెరికా జానపదులు పాటగట్టి పాడుకున్న బందిపోట్లలో జెస్సీ జేమ్స్‌ది పెద్ద పేరు. మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో హోవర్డ్ అనే మారుపేరుతో కాపురముంటున్న అతన్ని, 1882 ఏప్రిల్ 3న సొంత ముఠావాడైన బాబ్ ఫోర్డ్ వెనకనుంచి కాల్చి చంపాడు. వెంటనే పాట పుట్టింది. ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టాడంది. ముగ్గురు పిల్లలు దిక్కులేనివాళ్ళయ్యారని కంటతడి పెట్టింది. నిజానికి అప్పటికి బతికున్న పిల్లలు ఇద్దరే. పేదలకు పంచిపెట్టాడనడానికీ ఆధారం లేదు. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది అభిమాని, పత్రికా సంపాదకుడు జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్ అతన్ని వీరుణ్ణి చేస్తూ అంతకుముందే రాశాడు. పాట ఆ దారినే నడిచింది.

మరి చచ్చిపోయినవాళ్ళ సంగతి? 1876 సెప్టెంబర్ 7న ఈ ముఠా మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్‌లో బ్యాంకు మీద పడింది. కేషియర్ ఊళ్ళో లేడు. ఆయన పని చూస్తున్న జోసెఫ్ లీ హేవుడ్ ఇనప్పెట్టె తెరవనన్నాడు. పోతూపోతూ ఆయన్ను కాల్చేశారు. బయట ఊరివాళ్ళు తుపాకులందుకుని ఇద్దరు దొంగల్ని చంపారు. ఆ గొడవలో, వీధి వదిలిపొమ్మని దొంగలు అరుస్తున్నా, నికొలస్ గుస్టాఫ్‌సన్ కదల్లేదు. స్వీడన్ నుంచి వలస వచ్చినవాడు. ఇంగ్లీషు అర్థం కాకనే నిలబడిపోయాడంటారు. తలకు గుండు తగిలి నాలుగు రోజులకు పోయాడు.

వచ్చిన కొత్తలో ఎదుటివాడి యాస అర్థంకాక బిక్కమొహం వేసిన రోజులు మనకూ ఉన్నాయి. అందుకేనేమో, నాకు జెస్సీకన్నా ఆయనే ఎక్కువ గుర్తుంటాడు.

నార్త్‌ఫీల్డ్‌లో ఏటా సెప్టెంబర్‌లో ఉత్సవం జరుగుతుంది. దాని పేరు జెస్సీ జేమ్స్ ఓటమి రోజులు. అక్కడ తలుచుకునేది హేవుడ్‌ని.