దేవగన్నేరు: ఓడనెక్కి వచ్చిన దేవతాపుష్పం



గుడి ఆవరణలో దేవగన్నేరు కనిపిస్తే, వంకరలు తిరిగిన కొమ్మలనూ బూడిదవన్నె బెరడునూ చూసి "ఇది పురాణకాలపు వృక్షం" అనడం మనవైపు పరిపాటి. కొందరు మరొక అడుగు ముందుకు వేసి, కావ్యాలలోని చంపకం ఇదేనని పిల్లలకు చెబుతున్నారు. జీవితమంతా పిల్లలకు పద్యాలకు అర్థం చెప్పినవాణ్ణి కనుక, విని ఊరుకోలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కావ్యాలలోని చంపకం మన సంపెంగ. దాని వంశం వేరు, దేవగన్నేరు వంశం వేరు. దేవగన్నేరు మన గన్నేరుకు, నందివర్ధనానికి జ్ఞాతి. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి. ఆ పాలను బట్టే దీనిని సంస్కృతంలో క్షీరచంపకమన్నారు. పేరులో చంపకం ఉన్నంత మాత్రాన చంపకం కాజాలదు.

దీని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. మెక్సికో ఆదివాసుల నహువాతల్ భాషలో దీని పేరు 'కాకలోషోచిత్ల్', అనగా కాకిపువ్వు. ఫ్రెంచి సన్యాసీ వృక్షశాస్త్రవేత్తా అయిన షార్ల్ ప్లూమియే (1646–1704) పేరిట శాస్త్రజ్ఞులు దీనికి 'ప్లుమేరియా' అని నామకరణం చేశారు. 1565 నుండి 1815 వరకు మెక్సికోకూ మనీలాకూ నడుమ స్పెయిన్ ఓడలు తిరిగాయి. ఫిలిప్పీన్స్‌లో నేటికీ ఈ పువ్వును 'కలచూచి' అంటారు. ఆ కాకిపువ్వు పేరే అరిగి ఇలా మిగిలింది. మరొక వింత చూడండి. అమెరికాలో పుట్టిన ఈ చెట్టు, 'చంపా' అనే భారతీయ నామం ధరించి లావోస్ దేశానికి జాతీయపుష్పమైంది!

మన తెలుగు పేర్లలోనూ చరిత్ర ఉన్నది. దేవగన్నేరుకు వాడగన్నేరు అనే నామాంతరం కలదు. 'వాడ' అంటే వీధి మాత్రమే కాదు, ఓడ కూడా. వాడరేవు, వాడబలిజ అనే మాటలలో ఉన్నది ఈ అర్థమే. ఓడనెక్కి వచ్చిన గన్నేరు కనుక వాడగన్నేరయిందని నా తలంపు.

ఇప్పుడు మన చంద్రగిరికి కాలాన్ని అన్వయించుకుందాం. కొలంబస్ అమెరికా తీరం చేరింది 1492లో. అన్నమాచార్యులవారు పరమపదించింది 1503లో. అంతకు ఎన్నో తరాల ముందే తిరుమలలో అనంతాళ్వారు పూదోట వేశారు. ఆ తోటలో దేవగన్నేరు ఉండే అవకాశమే లేదు. ఆరవీటి వేంకటపతిదేవరాయలు 1592 ప్రాంతంలో పెనుగొండ నుండి రాజధానిని చంద్రగిరికి మార్చారు. 1598లో జెసూట్ పాదరీలు ఆయన కొలువుకు వచ్చారు. ఇది చదివి, "అయితే ఆ పాదరీలే ఈ మొక్కను తెచ్చారు" అని కథ అల్లబుద్ధి పుట్టవచ్చు. తారీఖులు పొసగినంత మాత్రాన చరిత్ర కాదు. ఒక అపోహను తొలగించబోయి మరొకదాన్ని నాటరాదు.

అయితే పరదేశమొక్క అన్నంతలో దాని పవిత్రతకు వచ్చిన లోపమేమి? మన గడపలకు తోరణమయ్యే బంతిపువ్వూ మెక్సికోదే. సీతమ్మవారి పేరు పెట్టుకున్న సీతాఫలమూ, రాయలసీమ రైతుకు అన్నం పెట్టిన వేరుసెనగా ఆ ఖండం నుండి వచ్చినవే. వచ్చినదాన్ని ఆదరించి, దేవుని పేరు చేర్చి ఇంటిదానిగా చేసుకోవడం మన పూర్వుల సంస్కారం. పిల్లలకు చెప్పవలసిన గొప్ప అది. లేని ప్రాచీనత కాదు.

పెంపకం గురించి కూడా రెండు మాటలు. మా రాతినేలల వంటి, నీరు నిలువని చోటు దీనికి అనుకూలం. ఆకు రాలి చెట్టు మోడుగా ఉన్నప్పుడు, వేసవి చిగురుకు ముందు, మూరెడు ముదురు కొమ్మ కోయండి. పాలు కంటికి తగలనీయకండి. పది రోజులు నీడన ఉంచి కోత ఆరిన పిమ్మట ఇసుక కలిపిన మట్టిలో నాటండి. పచ్చికొమ్మను నాటితే కుళ్ళుతుంది. ఆకు విచ్చేవరకు నీరు మితంగానే పోయండి. ఆకు అడుగున పసుపుపచ్చని పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులను తుంచి దూరంగా పారవేయండి. చలికాలంలో మోడువారిందని చెట్టును నరకవద్దు. అది నిద్ర మాత్రమే.

ఈ పువ్వులో తేనె లేదు. రాత్రివేళ పరిమళంతోనే రెక్కలపురుగులను భ్రమింపజేసి పుప్పొడిని మోయిస్తుంది. మనుషులనూ అలాగే కాబోలు, ఖండాలు దాటించేలా చేసింది!

మీ ప్రాంతంలో దీనిని ఏమని పిలుస్తారో వ్యాఖ్యలలో తెలిపితే సంతోషిస్తాను. ఒక్కొక్క పేరులో ఒక్కొక్క రేవు దాగి ఉండవచ్చు.

స్వస్తి.