గోదావరీ సీమలో పన్నుల ధర్మము

పన్ను చెల్లించుట ఏ కాలమునందును ప్రజలకు ప్రీతికరము కాదు. అయినను చెరువులు నిలువవలెనన్నను, బాటలు సాగవలెనన్నను, దొంగల భయము లేక గ్రామము నిద్రింపవలెనన్నను పన్ను తప్పదని వారెరుగుదురు. వారు సహింపజాలనిది పన్నును గాదు, పన్నునందలి అన్యాయమును. ఎంత చెల్లింపవలెనో ముందుగా తెలియకపోవుట, చెల్లించినది ఖజానా చేరక నడిమివారి పాలగుట, కలవానికంటె లేనివానిపై బరువు హెచ్చుట అను మూడు దోషములు ఆ అన్యాయమునకు మూలములు. గోదావరీ తీరమున వెలసిన నారసింహక్షేత్రము ధర్మపురి; ఆ క్షేత్రమును, దాని చుట్టునున్న జగిత్యాల, కరీంనగర ప్రాంతములను దృష్టియందుంచుకొని పన్నుల చరిత్రను పరిశీలించినచో, వీనిలో మొదటి రెండు దోషములు క్రమముగా క్షీణించిన తీరును, మూడవది నేటికిని పూర్తిగ తొలగకుండుటయు స్పష్టముగా గోచరించును.

మన ప్రాచీనులు కరభారమునకు మితమును విధించిరి. మనుస్మృతి ధాన్యమునందు ఆరవ, ఎనిమిదవ, లేక పండ్రెండవ పాలును రాజభాగముగా నిర్ణయించినది. తుమ్మెద పువ్వును నొప్పింపక తేనె గొనినట్లు రాజు ప్రజలనుండి ధనము గ్రహింపవలెనని మహాభారత శాంతిపర్వము బోధించినది. ఆచరణమున ఈ ఆదర్శము ఎంతవరకు నిలిచినదో చెప్పుట కష్టమే కాని, తెలుగుదేశమున దానికొక శిలాసాక్ష్యము కలదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము, తుపానుచే కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరని పేర్కొని, ఇకమీదట నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొనమని వర్తకులకు అభయమొసగినది. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము 30వ వంతు. పాలకుడు తన చేతిని తానే శాసనముచే కట్టుకొని, పుచ్చుకొనదగిన మొత్తమును రాతిపై చెక్కించి బహిరంగపరచుట సామాన్యవిషయము గాదు. ఐదు శతాబ్దుల తరువాత, 1776లో, ఆడం స్మిత్ పన్నులకు చెప్పిన నాలుగు సూత్రములలో నిశ్చితత్వ మొకటి. దానిని మోటుపల్లి శిల అంతకు మున్నే ఆచరణమున చూపినది.

ఆ నిశ్చితత్వము తరువాతి శతాబ్దులలో నిలువలేదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున నిజాం రాజ్యము అప్పులలో మునిగి, సీమల శిస్తు వసూలును గుత్తకిచ్చుచుండెను. సాహుకారులవద్ద అప్పుచేసి ముందుగా సొమ్ము చెల్లించిన గుత్తదారునకు గ్రామపు క్షేమముతో నిమిత్తము లేదు. గుత్త తన చేతనున్న కొలదికాలములో పెట్టుబడిని, వడ్డీని, లాభమును రాబట్టుకొనుటయే అతని పని. రైతు ఎంత పండించిన అంత అడుగబడునని తెలిసినచోట ఎక్కువ పండింప నెవడు పూనుకొనును? భూములు బీళ్ళయ్యెను, బీళ్ళగుటచే ఖజానాయు చిక్కిపోయెను.

1853లో దివానైన మొదటి సాలార్జంగు ఈ పద్ధతిని మూలచ్ఛేదము చేయ సంకల్పించెను. 1865లో జిల్లాబందీ జరిగి, ప్రభుత్వము నేరుగ పాలించు దివానీ ప్రాంతము జిల్లాలుగా విభజింపబడి, గుత్తదారులకు మారుగా జీతముగొను ఉద్యోగులు నియమింపబడిరి. ఆనాడు ఎలగందుల జిల్లాగా నుండిన ఈ సీమయే 1905లో కరీంనగర జిల్లాయయ్యెను. పిమ్మట బొంబాయి రాష్ట్రపు పద్ధతిపై భూముల కొలతలు జరిగి, నేలయొక్క సారమును, నీటి వసతిని బట్టి తరములేర్పడి, నగదు శిస్తు కొన్నియేండ్లవరకు స్థిరపడెను. రైతు పేరు లెక్కకెక్కుటయు, తాను చెల్లింపవలసినది అతనికి ముందుగా తెలియుటయు ఈ సంస్కరణముయొక్క మహోపకారములు. కాని వసూలు అధికారమును కోల్పోయిన దేశముఖులు రుసుములను పొందుటయే గాక, కొలతల కాలమున మంచి భూములను తమ పేర పట్టాలు చేయించుకొనిరి. గ్రామపు లెక్క వంశపారంపర్యపు పట్వారీ చేతిలోనే యుండెను. చదువురాని రైతు తన శిస్తును తాను ఎరుగవలెనన్నను పట్వారీ నోటినుండియే వినవలసివచ్చెను.

అంతకంటె ఘోరమైనది దివానీకి వెలుపలనున్న లోకము. రాజ్యమున పెద్దభాగము నిజాము సొంత ఆస్తియగు సర్ఫెఖాసుక్రిందను, జాగీరులక్రిందను ఉండెను. జాగీరులలో శిస్తులు పొరుగు దివానీ గ్రామములకంటె సాధారణముగ హెచ్చు, నజరానాలు వేరు, వీనికి తోడు వెట్టిచాకిరి. వెట్టిని దురాచారమని మాత్రమే తలచుట చాలదు. ధనము లేనివానివద్ద దేహశ్రమరూపమున గుంజబడిన పన్నదియే. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, చాకలి చాకిరి, ఇవి ఏ ఖజానా లెక్కలోను కనబడని శిస్తులు. నిజాం ప్రభుత్వము దీనిని నిషేధించినను నిషేధము కాగితముమీదనే నిలిచెను. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభయు ఈ బాధను బహిరంగముగా పలికినవి. 1935లో మహాసభ నాటి కరీంనగర జిల్లాలోని సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగెను. రెండవ ప్రపంచయుద్ధకాలపు నిర్బంధ ధాన్యసేకరణమగు లెవీగల్లా పేదరైతు గరిసెను ఊడ్చి, దొరల గాదెలను విడిచిపెట్టుటతో ప్రజల ఓర్పు నశించి తెలంగాణ సాయుధపోరాటమునకు దారితీసెను.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనము వెలువడెను. 1950 జనవరిలో అమలునకు వచ్చిన రాజ్యాంగము, శాసనాధికారము లేక ఏ పన్నును విధింపరాదని 265వ అధికరణమున ఘోషించెను. అదే ఏడు ఏప్రిలు 1 నుండి భారత ఆదాయపుపన్ను ఈ సీమకును వర్తించెను. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థయు రద్దయ్యెను. ఒక శతాబ్దికి పూర్వము సాలార్జంగు గతించునాటికి సగమైయుండిన పని, నడిమివాని తొలగింపు, ఇట్లు పూర్తికి వచ్చెను.

ఇక మూడవ దోషము. శక్తికొలది పన్ను అను సూత్రమును స్థాపించుటకు స్వతంత్రభారతము గట్టి ప్రయత్నమే చేసినది. 1953లో ఎస్టేటు సుంకము వచ్చెను. కేంబ్రిడ్జి ఆర్థికశాస్త్రవేత్త నికొలస్ కాల్డర్ 1956లో సమర్పించిన నివేదికను అనుసరించి 1957లో సంపదపన్ను, వ్యయపన్ను, 1958లో బహుమానపన్ను ఏర్పడెను. 1973-74 నాటికి ఆదాయపుపన్ను అత్యధికమైన అంచెలో నూటికి 97.75 వరకు ఎగబ్రాకెను. అంతటి రేటు ధనవంతులను చెల్లింపుకంటె దాచివేతకు పురికొల్పెను; రేట్లు తగ్గింపబడెను, అందు కొంత వివేకము కలదు. కాని ఎస్టేటు సుంకము 1985లోను, సంపదపన్ను 2015లోను రద్దగుటతో, ఆర్జనము లేకయే తరతరములుగ పెరుగు ఆస్తి పన్నుకు దాదాపు అందని వస్తువయ్యెను.

మరియొకవైపు అమ్మకపు పన్ను, 2005లో విలువ ఆధారిత పన్ను, 2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను ఒకదాని వెనుక నొకటి వచ్చెను. రాష్ట్రములనడుమ సుంకపు నాకాలను తొలగించి, పన్నుమీద పన్ను పడుటను అరికట్టిన మేలు ఈ చివరిదానికి చెందును; విడిగా అమ్ము బియ్యము, పాలు, కూరగాయలు పన్ను లేనివి. అయినను సబ్బు కొను కోటీశ్వరునకును, జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల ఇండ్లలో బీడీలు చుట్టు స్త్రీకిని పన్ను ఒక్కటే. ఆమె చేతిపనికి ఆధారమైన తునికాకుపై నూటికి 18, బీడీపై 28 వంతున విధింపబడిన భారము కూలిరేటునే క్రుంగదీయగలదిగా నుండెను. 2025 సెప్టెంబరులో తునికాకుపై 5కును, సబ్బు, తలనూనెలపైనను 5కును రేట్లు తగ్గించుట ధర్మమార్గమున ఒక అడుగు. అదే ఏటి బడ్జెటులో కొత్త పద్ధతిక్రింద 12 లక్షలవరకు ఆదాయపుపన్ను లేకుండ చేయుటయు అట్టిదే. కాని ఆ ఊరట జీతగానికి చేరినంతగా కూలివానికి చేరదు, ఏలయన అతడు చెల్లించునది ఆదాయముపై గాదు, వెచ్చముపై.

ఈ చరిత్రయందు ప్రతి మేలును ఒక బహిరంగమైన నిర్ణయమువలననే కలిగినది. మోటుపల్లిలో శాసనముగా, సాలార్జంగు నాట భూమి లెక్కగా, 1950లో రాజ్యాంగముగా, ప్రభుత్వము తాను పుచ్చుకొనుదానిని అందరియెదుట చెప్పుకొన్నప్పుడే సామాన్యుడు ఊపిరి పీల్చుకొనెను. ఇప్పుడు చేయవలసినదియు అట్టిదే. నిత్యావసరములపైనను, చేతివృత్తుల ముడిసరకుపైనను పన్నును పూర్తిగా తీసివేయవలెను. ఆ లోటును మితమైన రేటుతో, తప్పించుకొనుటకు సందులేని విధమున, పెద్ద ఆస్తులపైనను వారసత్వముపైనను విధించు పన్నుచే పూడ్చవలెను. పేదవాడు తన కొనుగోళ్ళద్వారా ఏటేట ఎంత చెల్లించుచున్నాడో ప్రభుత్వమే లెక్కకట్టి బడ్జెటుతో పాటు ప్రకటింపవలెను. గుత్తదారుని తొలగించిన జాతికి, జాగీరును రద్దుచేసిన జాతికి ఈ మూడవ మెట్టెక్కుట అసాధ్యము కాదు.