బ్రిటిష్ భోజనశాల: ఒక పేరు కథ

లండను నగరమున చిన్న భోజనశాల యొకదానిలో మనము ప్రవేశించితిమనుకొందము. బల్లలపై తెల్లని గుడ్డలు లేవు. గోడకు నల్లబల్ల యొకటి తగిలించియున్నది. దానిపై సుద్దముక్కతో ఆ పూట వంటకముల పేర్లు వ్రాసిరి. పేర్లన్నియు ఇంగ్లీషువే. ఇంగ్లీషువారి దేశమున ఇంగ్లీషు పేర్లుండుటలో వింత యేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. ఆ వింతను గూర్చియే మేము చెప్పదలచితిమి.

1889లో లండనున సవాయ్ హోటలు వెలసెను. 1890లో ఎస్కాఫియే అను ఫ్రెంచి పాకనిపుణుడు దాని వంటశాలకు అధిపతి యయ్యెను. బయట గొప్పగా భుజించుటయనగా ఫ్రెంచి వంట తినుటయే యనియు, వంటకముల పట్టిక ఫ్రెంచి భాషలోనే యుండవలెననియు నాటి ధనికుల నమ్మకము. స్వదేశపు వంట ఇంటికిని, పబ్బులకును పరిమితమయ్యెను. సగము ప్రపంచమును ఏలినవారు తమ తల్లి చేతివంట పేరు అతిథి యెదుట చెప్పుకొనుటకు సంకోచించిరి!

ఇంతలో యుద్ధము వచ్చెను. 1940 జనవరి 8న బేకను, వెన్న, చక్కెరలతో రేషను మొదలయ్యెను. బాంబులకు ఇండ్లు కోల్పోయినవారికిని, శ్రామికులకును ప్రభుత్వము సామూహిక భోజన కేంద్రములను నెలకొల్పెను. ప్రధానమంత్రి చర్చిల్‌కు ఆ పేరు రుచింపలేదు. అందు కమ్యూనిజము వాసనయు, బీదల సత్రపు వాసనయు కొట్టుచున్నదని తలచి, 1941లో ‘బ్రిటిష్ రెస్టారెంటు’ అను పేరు పెట్టించెను. 1943 నాటికవి రెండువేలు దాటెను. చర్చి హాళ్లలో, పాఠశాలలలో జనులు వరుసగా నిలిచి, సుమారు 9 పెన్నీలకు కడుపు నింపుకొనిరి. 1942లో పెద్ద హోటళ్లలో సైతము భోజనము ధర 5 షిల్లింగులకు మించరాదని శాసించిరి. ధనికునకు హద్దు, పేదకు ముద్ద: ఈ న్యాయము మెచ్చదగినదే. కాని ‘బ్రిటిష్ రెస్టారెంటు’ అను మాటకు మాత్రము ఉడికిన క్యాబేజీ వాసన అంటుకొని వదలలేదు.

మాంసముపై రేషను 1954 జూలై 4 వరకు తొలగలేదు. యుద్ధము ముగిసి అప్పటికి తొమ్మిదేండ్లు!

ఆ కొరత కాలముననే ఇద్దరు పూనుకొనిరి. చరిత్రకారుడగు రేమండ్ పోస్ట్‌గేట్ ‘ఆహారముపై క్రౌర్య నివారణ సంఘము’ కావలెనని పరిహాసముగా వ్రాసి, 1951లో సామాన్యులు పంపిన అభిప్రాయములను కూర్చి ‘గుడ్ ఫుడ్ గైడ్’ను ప్రచురించెను. అదే యేట, ఉపాధ్యాయుడుగా నుండిన జార్జి పెర్రీ స్మిత్ బాత్ నగరమున ‘హోల్ ఇన్ ది వాల్’ అను భోజనశాల తెరచెను. సాల్మను చేపకు ఎండుద్రాక్షయు, అల్లమును జోడించి, పిండి పొరలో చుట్టి కాల్చిన వంటకము ఆయనకు పేరు తెచ్చెను. ఆయనయొద్ద పనిచేసిన జాయిస్ మాలినూ తరువాత డార్ట్‌మత్ రేవున స్వయముగా వంటశాల నడపి ప్రసిద్ధురాలయ్యెను.

1985లో అలస్టెయిర్ లిటిల్, గురువులేకయే వంట నేర్చినవాడు, సోహో పేటలో చిన్నశాల పెట్టెను. వంటలలో ఇటలీ, జపాను ఛాయలున్నను, అంగడిలో ఆనాడు దొరకినదానినిబట్టి పట్టిక మారుచుండెను. చేతులు తుడుచుకొనుటకు కాగితములే! 1991లో ‘ఈగిల్’ అను పబ్బులో మంచి వంటను నల్లబల్లపై వ్రాసి అమ్మజొచ్చిరి.

1994లో స్మిత్‌ఫీల్డు మాంసపు విపణి చెంత, పూర్వము మాంసమునకు పొగబెట్టుచుండిన కట్టడమున, ఫెర్గస్ హెండర్సన్ ‘సెయింట్ జాన్’ను తెరచెను. ఇది చిన్నది కాదుగాని చిన్నవాటికి ఒజ్జబంతి. ఈయన చదివినది భవన నిర్మాణ శాస్త్రము. గోడలకు తెల్లరంగు తప్ప అలంకారము కోరలేదు. కాల్చిన మూలుగ యెముకలు, పార్స్లీ ఆకు, ఉప్పు, రొట్టె: ఇదే అచ్చట పేరుపడిన వంటకము. (మూలుగ జుఱ్ఱుకొనుట మనలో మాంసాహారులకు క్రొత్తగాదు.) పశువును చంపిన పిమ్మట తలనుండి తోకవరకు దేనిని పారవేయకుండుటయే దానికి చూపు మర్యాదయని ఆయన వాదము. ఏదియు పారవేయరాదనునది రేషను నాటి గృహిణుల నియమమే. నాడు గతిలేక పాటించిన దానినే నేడు కోరి, డబ్బిచ్చి తినుచున్నారు. ధర మాత్రము 9 పెన్నీలు గాదు; నాడు వరుసలో నిలిచిన శ్రామికుని మనుమడు అచ్చట తరచుగా కూర్చుండగలడా యనునది మా సందేహము.

భోజనాంతమున అచ్చట ఎకిల్స్ కేకును లాంకషైరు చీజు ముక్కతో వడ్డింతురు. రెండును ఉత్తర ఇంగ్లండుకు చెందినవి. పట్టికలో వాని పేర్లు ఆ యూరి, ఆ సీమ పేర్లతోనే యున్నవి.