తుపానునకు నిలుచు గృహము

కార్తీకమాసమున తులసికోట కడ దీపము పెట్టు దినములలోనే మన తీరవాసులకు తుపాను భయమును ఆరంభమగుచుండును. చిట్టమూరు కడలి యొడ్డున నున్న గ్రామము కాదు. పులికాటు సరస్సునకు చేరువలో, వరిపొలముల నడుమ నున్నది. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజనచే ఈ ప్రాంతము నెల్లూరు నుండి తిరుపతి జిల్లాలో చేరినది గాని, గాలివానకు జిల్లాల హద్దులు తెలియవు గదా! ఈ తీరమున మనవారు కట్టుకొనిన యిండ్ల చరిత్రను పరికించినచో, గోడల మందము కన్న గోడను కప్పును కూర్చు కట్టు యొక్క బలమే గృహమును కాపాడినదని తేలుచున్నది. ఈ మాట సంఘమునకును చెల్లునా యని విచారించుట యీ వ్యాసోద్దేశము.

తూర్పుతీరమునకు ఈ విపత్తు క్రొత్తది కాదు. 1839 నవంబరులో కోరంగి రేవు ఉప్పెన పాలయ్యెను. 1864 నవంబరు 1వ తేదీని మచిలీపట్టణమున సుమారు ముప్పదివేలమంది మృతినొందిరి. ఈ నడుమనే, 1848లో, కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు ఇట్టి సుడిగాలికి సర్పపు చుట్టను తలపించు గ్రీకు పదము నుండి ‘సైక్లోన్’ అను పేరు కల్పించెను. ఇక మన సీమకు వచ్చినచో, 1927 నవంబరులో నెల్లూరును, 1984 నవంబరు 14న శ్రీహరికోట ప్రాంతమును, 1989 నవంబరులో కావలి ప్రాంతమును తీవ్రమైన తుపానులు తాకినవి. 2023 డిసెంబరులో బాపట్ల కడ తీరము దాటిన మిచాంగ్ తుపాను సయితము దారిలో మన తీరమును వానలతో ముంచి పోయినది.

ఇన్ని తుపానులను చూచిన మన పూర్వులు ఎట్టి యిండ్లు కట్టుకొనిరి? పేదలకు పూరిపాక, కలిగినవారికి పెంకుటిల్లు, మిక్కిలి కలిగినవారికి మిద్దె. పులికాటు సరస్సున దొరకు గుల్లలను కాల్చి చేసిన సున్నమును బాగుగ నూఱి, బెల్లము, కరక్కాయ నీరు చేర్చి కట్టిన గోడలు తరముల తరబడి నిలుచుచుండెను. ఆఱవ శతాబ్ది వాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమను పేర ఇట్టి గట్టిలేపములను వర్ణించి యుండుటచే, చిరకాలము నిలుచు కట్టడమునందు మనవారి కాసక్తి ప్రాచీనమే యని తెలియుచున్నది. పూరిపాక మాట వేఱు. మట్టిగోడ, నడుమ నిట్రాడు, తాటాకు కప్పు, తాటినార కట్లు: ఇంతియే దాని సామగ్రి. నీటికి అది కరగును, నిప్పుకు ఆహుతియగును. ఐనను దాని చూరు నేలకు వంగియుండుటలోను, ప్రతి వాసమును ముడివైచి కట్టుటలోను ఒక వివేకము కలదు. ఉత్తరాంధ్ర తీరమునందలి చుట్టిండ్లలో ఈ వివేకము మఱింత స్పష్టముగ కానవచ్చును. గుండ్రని గోడకు గాలి తాకు మూల లేదు.

1984 నాటి రాత్రిని గూర్చి మా యింటి పెద్దలు పలుమాఱు చెప్పుచుండెడివారు. మా పెంకుటింటి గోడలు చెక్కు చెదరలేదట. కప్పు మాత్రము వాసములతో కూడ లేచిపోయెనట. మా పొలమున పాటుపడు కుటుంబమువారి పాక కప్పు మీదుగ మోకులు వైచి, నేలలో లోతుగ పాతిన గుంజలకు బిగించి యుండుటచే తెల్లవాఱువఱకు నిలిచెనట. మావారు పిల్లలను చంకనిడుకొని ఆ పాకలోనే తలదాచుకొనిరి. అంతకు ముందు వారిలో ఒక్కరును ఆ గడప త్రొక్కి యెఱుగరు.

చిన్ననాట నేను దీనిని దైవలీల యనుకొంటిని. పిదప భౌతికశాస్త్రము చదివినపుడు కారణము బోధపడినది. కప్పు మీదుగ గాలి వడిగా పోవునపుడు పైన పీడనము తగ్గును. కిటికీ విఱిగి గాలి లోన చొచ్చినచో లోపలి పీడనము హెచ్చును. ఈ రెండును కలిసి కప్పును పైకి లేవదీయును. గాలి వేగము రెట్టింపైనచో దాని బలము నాలుగింతలగును. తుపాను కన్ను గ్రామము మీదుగ పోయినచో, కొంతసేపు నిశ్శబ్దమై, పిదప గాలి ఎదురుదిక్కు నుండి వీచును. ఒకవైపు మాత్రమే ఊతమిచ్చిన యిల్లు అప్పుడు కూలును.

భారత ప్రమాణముల సంస్థవారు నెల్లూరు ప్రాంతమున క్షణమునకు 50 మీటర్ల, అనగా గంటకు 180 కిలోమీటర్ల గాలిని తలచి కట్టడములను రూపొందింపవలెనని నిర్ణయించినారు. కప్పునకు నాలుగువైపుల వాలు మేలు. ఆ వాలు 22 మొదలు 30 డిగ్రీల వఱకు ఉండుట మంచిది. రేకులను మరమేకులతో బిగించి, దూలములను గోడలోని కాంక్రీటు పట్టీకి, ఆ పట్టీని ఇనుపకమ్ములతో పునాదికి కట్టవలెను. కప్పు మొదలు పునాది వఱకు ఈ గొలుసు ఎచ్చటను తెగరాదు. ఉప్పుగాలికి కమ్ములు త్రుప్పుపట్టును గావున వానిపై కాంక్రీటు దళముగ నుండవలెను. సముద్రపు టిసుక వాడరాదు. కట్టు లేని రేకుల యిల్లు మోకు వైచిన పూరిపాక కన్న ప్రమాదకరము. ఎగిరిన రేకు కత్తియగును.

ఐనను ఉప్పెనకు ఈ విద్య మాత్రమే చాలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి తక్కువ కాకుండ మరణించిరి. పల్లమున, పాకలలో నున్నవారికి ఎక్కుటకు మిద్దె లేదు. పిదప తీరమున తుపాను ఆశ్రయములు వెలసినవి. 1979లో బలహీనవర్గముల యిండ్ల కొఱకు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. 1990 మేలో ఇంచుమించు అంత తీవ్రమైన తుపాను కృష్ణా తీరమును తాకినపుడు ముందుగనే ఆఱు లక్షలకు పైగా జనులను తరలించుటచే మృతులు వేయికి లోపుగ నుండిరి. గాలి మాఱలేదు; మనుష్యుల నడుమ కట్టు బిగిసినది.

కావున గృహస్థులారా, ఇల్లు కట్టునపుడు గోడలకు వన్నె లెంచుటకు ముందు కప్పు దేనికి కట్టబడినదో మేస్త్రీని అడుగుడు. మీ పొలమున పాటుపడువాని కప్పు దేనికి కట్టబడినదో కూడ చూడుడు. గట్టి మిద్దె గలవారు దాని మెట్లు ఆ రాత్రి ఎవ్వరికి తెఱచియుండునో ఇప్పుడే నిశ్చయించుకొనుడు.

ఆ తుపాను వెలిసిన పిమ్మట మనవారు మఱల ఆ పాకకు పోయినారా యని నేనొకప్పుడు మా నాయనమ్మను అడిగితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “కప్పు వేయించుకొన్నాము గదా, నాయనా” అనినది. మా కప్పు నాటికి నేటికి నిలిచియేయున్నది. తెగిన కట్టు మాత్రము అది కాదు.